ఎండతో ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసుకోవడం: మిద్దె మీద అద్దం పెట్టె కట్టే విధానం

తిరుపతికి సముద్రం ఎక్కడిది అని నవ్వేవాళ్లు ఇంకా ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు అంతవరకూ నెల్లూరు కింద ఉన్న సూళ్లూరుపేట, తడ, వాకాడు మండలాలు ఇటు కలిశాయి, దాంతో పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం, శ్రీహరికోట, తూపిలిపాళెం తీరం అన్నీ తిరుపతి జిల్లా లెక్కలోకి వచ్చేశాయి. ఆ వైపు ఊళ్లలో చుట్టాలున్నవాళ్లకి సంగతి తెలిసే ఉంటుంది, కళ్ల ముందు అన్ని నీళ్లున్నా చాలాచోట్ల నోట్లో పోసుకుంటే ఉప్పే, కొన్ని బోర్లదీ అదే రుచి. క్యాన్ల ఆటో రాని రోజు ఇంట్లో అందరికీ టెన్షన్. ఇది ముఖ్యంగా వాళ్ల కోసం రాస్తున్నా. కరెంటు, మోటారు, ఫిల్టరు ఏవీ లేకుండా, ఎండ ఒక్కదానితో సముద్రపు నీళ్లను తాగేలా చేసే పెట్టె ఎలా కట్టుకోవాలో మొత్తం చెప్తాను. తిరుపతి టౌనులోనో చిత్తూరులోనో ఉండి బోరు నీళ్ల ఉప్పదనంతో, ఫ్లోరైడ్‌తో విసిగినవాళ్లకి కూడా ఇదే పెట్టె పనికొస్తుంది, అందులో పోసే నీళ్లే వేరు. అంతేగానీ దీనికోసం టౌను నుంచి నూరు కిలోమీటర్లు వెళ్లి సముద్రం నీళ్లు మోసుకురావద్దు, డీజిల్ ఖర్చుకి క్యాన్లే కొనుక్కోవచ్చు.

సూత్రం మీకు తెలిసిందే. అన్నం గిన్నె మూత తీస్తే లోపలివైపు నీటి బొట్లు ఉంటాయి చూడండి, అంతే. నల్లటి తొట్టిలో ఉప్పునీళ్లు పల్చగా పోసి, పైన వాలుగా అద్దం పెడితే ఎండకి నీళ్లు వేడెక్కి ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం తొట్టిలోనే ఉండిపోతుంది, ఆవిరి అద్దానికి తగిలి మళ్లీ నీరై జారి కింద పెట్టిన కాలువలో పడుతుంది. 1872లోనే చిలీ దేశంలో లాస్ సాలినాస్ అనే చోట గనుల్లో పనిచేసే కంచరగాడిదల కోసం చార్లెస్ విల్సన్ అనే ఇంజనీరు ఇలాంటివి వరసలు వరసలుగా కట్టించాడు, రోజుకు 20 వేల లీటర్ల పైనే నీళ్లు తీసేవాళ్లు. ఆ తరవాత నూటయాభై ఏళ్లలో ఈ పెట్టెకి ఎన్ని సోకులు చేసినా మూలం మారలేదు.

ఎన్ని నీళ్లొస్తాయి?

ముందు ఇది తేల్చుకోండి, లేకపోతే కట్టాక నన్ను తిట్టుకుంటారు. మన ప్రాంతంలో ఒక చదరపు మీటరు చోటు మీద పడే ఎండ ఏడాది సగటున రోజుకు 5 యూనిట్ల పైచిలుకు, యూనిట్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. ఒక లీటరు నీళ్లు ఆవిరి కావడానికి 0.65 యూనిట్ దాకా కావాలి. పడిన ఎండంతా పనిచేస్తే ఏడు లీటర్లు దాటి రావాలి, కానీ అద్దం కొంత వెనక్కి కొడుతుంది, పక్కల నుంచి కొంత వేడి పోతుంది, చివరికి పనికొచ్చేది మూడో వంతు. అంటే చదరపు మీటరుకు రోజుకు రెండున్నర లీటర్లు అనుకోండి. ఏప్రిల్, మే ఎండల్లో మూడు దాటొచ్చు, కార్తీకంలో ముసురు పట్టిన రోజు లీటరు వస్తే గొప్ప. యూట్యూబ్‌లో ఎవరైనా చిన్న పెట్టెతో రోజుకు ఇరవై లీటర్లు అంటే ఆ వీడియో అక్కడితో ఆపేయండి, ఎండ లెక్కని దాటి ఎవరూ పోలేరు.

కాబట్టి నేను చెప్పే పెట్టె ఒక మనిషి తాగడానికి సరిపోతుంది. నలుగురున్న ఇంటికి తాగడానికి, వంటకి కావాలంటే నాలుగైదు పెట్టెలు కావాలి. స్నానాలకి, గిన్నెలకి దీన్ని నమ్ముకోవద్దు.

ఇక్కడ ఒక మాట తప్పకుండా వస్తుంది, ఆ డబ్బుతో సోలార్ ప్యానెల్ కొని ఇంట్లో ఆర్వో మెషీన్‌కి తగిలించుకోవచ్చు కదా అని. బోరు నీళ్లయితే, టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) పదిహేను వందలో రెండు వేలో ఉంటే, నిజంగా అదే మంచిది, ఆర్వో పెట్టుకోలేనివాళ్లకే ఈ పెట్టె. సముద్రం నీళ్ల సంగతి వేరు. లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది, అంటే టీడీఎస్ 35 వేలు. ఆ నీళ్లను ఆర్వోలో ఉప్పుని ఆపే పొర గుండా నెట్టాలంటే ముందు 27 బార్ల (ఒక బారు అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత) సహజ ఒత్తిడిని గెలవాలి, ప్లాంట్లలో 55, 60 బార్లతో తోస్తారు. ఇంట్లో గోడకి తగిలించే ఆర్వో పంపు ఇచ్చేది ఆరేడు బార్లు, దాన్ని సముద్రం నీళ్లలో పెడితే ఒక్క చుక్క మంచినీళ్లు రావు. పులికాట్‌కి దిగువన మీంజూరులో 2010లో మొదలైన చెన్నై ప్లాంటు రోజుకు 10 కోట్ల లీటర్లు తీసేలా కట్టింది ఆ పెద్ద పంపులతోనే. అలాంటి ప్లాంట్లకి వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు చాలు, మన పెట్టెలో అదే వెయ్యి లీటర్లు ఆవిరి కావడానికే 650 యూనిట్ల వేడి కావాలి, వృథా అయ్యేది కలిపితే దానికి మూడింతల ఎండ. కాకపోతే మన ఎండకి బిల్లు రాదు, చెడిపోవడానికి పంపూ లేదు. చిన్న ఇంటికి, కరెంటు నమ్మకం లేని చోటికి పెట్టె గెలిచేది అందుకే.

పెట్టె కొలతలు

లోపలి కొలత తూర్పు పడమరలుగా 4 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా రెండున్నర అడుగులు పెట్టుకోండి. పది చదరపు అడుగులు, అంటే చదరపు మీటరుకి కాస్త తక్కువ. దక్షిణం వైపు గోడ 5 అంగుళాలు, ఉత్తరం వైపు గోడ 13 అంగుళాలు. రెండున్నర అడుగుల మీద 8 అంగుళాలు లేస్తే అద్దం వాలు 15 డిగ్రీలకి వస్తుంది. ఇంతకన్నా చదునుగా పెడితే బొట్లు జారకుండా అక్కడికక్కడే తొట్టిలో రాలిపోతాయి, మరీ నిటారుగా పెడితే పెట్టెలో గాలి ఎక్కువై వేడి వృథా. అద్దం దక్షిణానికి చూడాలి. తిరుపతి 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు సగం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి కాస్త ఉత్తరంగా ఉంటాడు, అయినా దాదాపు నడినెత్తి మీదే కదా, ఆ నెలల్లో ఇబ్బందేమీ ఉండదు. చలికాలంలో దక్షిణం వాలు బాగా అక్కరకొస్తుంది.

బయటి పెట్టెకి ముప్పావు అంగుళం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ తెచ్చి వడ్రంగి చేత కోయించండి, పక్క గోడల వాలు రెండూ ఒకేలా కోయాలి, అక్కడ నూలు తేడా వచ్చినా అద్దం ఊగుతుంది. జీఐ రేకు చవక అని దాంతో తొట్టి చేయించబోతారు. ఉప్పునీళ్లకి, ఆ వేడికి అది తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. అల్యూమినియం కూడా ఉప్పుకి తట్టుకోదు. ఇటుకలు, సిమెంటుతో కట్టుకోవచ్చు గానీ ఒకసారి మట్టం తప్పితే సరిచేయలేం, పగులు వస్తే ఎక్కడ కారుతోందో కూడా తెలీదు.

నన్నడిగితే లోపలి తొట్టికి ఫైబర్ పూతే సరైనది, అదీ పడవల ఫైబర్. తీరం పల్లెల్లో ఇప్పుడు చెక్క పడవల కన్నా ఫైబర్ పడవలే ఎక్కువ, వాటి పగుళ్లు పూడ్చేవాళ్లు రేవు దగ్గర ఎక్కడో ఒకచోట దొరుకుతారు. మా బావ ఊళ్లో ఆ పని చేసే అతనికి పెట్టె చూపిస్తే ఇదేముంది అన్నట్టు చూసి పనిలో దిగిపోయాడు. ముందు మూలల్లో రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు), పౌడరు కలిపిన ముద్ద వేలితో గుండ్రంగా తీర్చాడు, మూల పదునుగా ఉంటే మ్యాట్ (గాజు పీచు పట్టా) అక్కడ అతుక్కోక గాలి బుడగ నిలుస్తుందట. తరవాత మ్యాట్ పరిచి బ్రష్‌తో రెజిన్ అద్దుతూ, తెల్లటి మ్యాట్ కాస్తా కంటికి కనపడకుండా పోయేదాకా రోలరు తిప్పాడు. రెండు పొరలు చాలు. ఆఖరి పూతలో అడుగు భాగానికి నల్ల రంగు, నాలుగు గోడలకి తెల్ల రంగు కలపమనండి. అడుగు నల్లగా ఉంటే ఎండని పీల్చుకుంటుంది, గోడలు తెల్లగా ఉంటే వాటి మీద పడిన వెలుతురు నీళ్ల మీదకి మళ్లుతుంది.

ఫైబర్ పని అయిన వెంటనే నీళ్లు పోయకండి. ఆ రెజిన్ వాసన ఊరికే పోదు, రెండు మూడు వారాలు ఎండలో తెరిచి ఆరనివ్వాలి. ఆ తరవాత కూడా మొదట వచ్చే నీళ్లు కనీసం పది రోజులు తాగకుండా పారబోయండి లేదా ఇన్వర్టర్ బ్యాటరీకి వాడుకోండి. వాసన పూర్తిగా పోయిందో లేదో కొత్త ముక్కుతో చూపించండి, మీ ముక్కు అప్పటికే అలవాటు పడిపోయి ఉంటుంది.

అడుగు ప్లైవుడ్ కింద రెండు అంగుళాల థర్మోకోల్ షీటు, గోడల బయట కూడా అదే, దాని మీద ఏదైనా రేకు చుట్టండి, ఎండకి తగిలితే థర్మోకోల్ పొడి రాలిపోతుంది. నీళ్లు లేకుండా తొట్టి ఎండలో ఉంటే లోపల విపరీతంగా కాగుతుంది, థర్మోకోల్ కుంగిపోయే వేడి అది, అందుకే దాన్ని ప్లైవుడ్‌కి బయటే పెట్టమంటున్నా. థర్మోకోల్ వద్దనుకుంటే వరి ఊకో రంపంపొట్టో సంచుల్లో కూరి పెట్టొచ్చు, తడవకుండా చూసుకుంటే చాలు.

కాలువ, గొట్టాలు

నీళ్లన్నీ చేరేది దక్షిణం గోడకి లోపలివైపు, అద్దానికి అంగుళం కింద. అక్కడ కాలువ పెట్టాలి. స్టీలు పని చేసే షాపులో 304 స్టీలు రేకుని యూ ఆకారంలో వంచి ఇస్తారు, ఖర్చు ఎక్కువనుకుంటే వేడినీళ్లకి వాడే సీపీవీసీ పైపు ఒకటిన్నర అంగుళాలది నిలువునా కోసి సగం వాడండి. మామూలు పీవీసీ ఆ వేడికి మెత్తబడి మధ్యలో కుంగుతుంది, కుంగిన చోట నీళ్లు నిలిచి పొంగి మళ్లీ ఉప్పులో పడతాయి. రాగి, ఇత్తడి, జీఐ ఏవీ ఈ కాలువ దారిలో ఉండకూడదు. ఉప్పులన్నీ పోయిన నీళ్లు లోహాన్ని కాస్త కాస్త తమలోకి లాక్కుంటాయి, సీసం కలిసిన టంకం అయితే మరీ ప్రమాదం. నాలుగు అడుగుల పొడవులో ఒక చివరకి అర అంగుళం వాలు ఇవ్వండి, ఆ చివర నుంచి ఆహారానికి వాడే సిలికాన్ ట్యూబు బయటికి.

తొట్టికి మూడు గొట్టాలు కావాలి, మూడూ అర అంగుళం సీపీవీసీయే. ఉత్తరం గోడ పైభాగంలో నీళ్లు పోసే గొట్టం, బయట గరాటుతో. ఒక పక్క గోడకి, లోపల నీళ్లు సరిగ్గా 2 సెంటీమీటర్ల ఎత్తుకి రాగానే పొంగి బయటికి పోయేలా మరో గొట్టం. అడుగున మొత్తం వదిలేయడానికి ప్లాస్టిక్ వాల్వుతో ఇంకొకటి. మొదటి రెండింటికీ బయటివైపు యూ వంపు ఇవ్వడం మరవద్దు, వంపులో ఎప్పుడూ కాసిన్ని నీళ్లు నిలిచి ఉంటే ఆవిరి బయటికి పోదు. ఈ వంపు లేని పెట్టెలు చూశాను, పొద్దస్తమానం గొట్టంలోంచి ఆవిరి పోతుంటే యజమాని ఎండ చాలట్లేదని వాదిస్తున్నాడు.

లోతు రెండు సెంటీమీటర్లే ఎందుకంటే, నీళ్లు తక్కువ ఉంటే త్వరగా కాగుతాయి. ఈ పెట్టెలో అప్పుడు 18, 19 లీటర్లు పడతాయి. నాలుగు అంగుళాలు నింపితే మధ్యాహ్నానికి గోరువెచ్చనవడమే గానీ ఆవిరి అంతంత మాత్రం.

అద్దం

అయిదు మిల్లీమీటర్ల మామూలు తెల్ల అద్దం. రంగుది, ఏదైనా పూత వేసింది వద్దు. పెట్టె తయారయ్యాక పైన కొలిచి, నాలుగు వైపులా గోడ దాటి కొద్దిగా బయటికి వచ్చేలా కోయించండి, దాదాపు 50 అంగుళాలు బై 34 అంగుళాలు వస్తుంది, బరువు పద్నాలుగు కిలోల దగ్గర, ఎత్తి పెట్టడానికి ఇద్దరుండాలి. పిల్లలు బంతాట ఆడే మిద్దె అయితే టఫెన్డ్ (కాల్చి గట్టిపరిచిన అద్దం) తీసుకోండి, దాన్ని మళ్లీ కోయడం కుదరదు కాబట్టి కొలత ముందే పక్కాగా ఇవ్వాలి. అద్దం బదులు ప్లాస్టిక్ షీటు వేయొచ్చా అంటే వేయొచ్చు, కానీ ప్లాస్టిక్ మీద నీళ్లు పొరలా పరుచుకోవు, గుండ్రటి బొట్లు కట్టి వెలుతురుని అడ్డుకుంటాయి, బరువెక్కగానే తొట్టిలో రాలతాయి. ఎండకి రెండేళ్లలో పచ్చబడిపోతుంది కూడా.

అద్దం లోపలివైపు జిడ్డు ఉండకూడదు. గిన్నెల సబ్బుతో రుద్ది కడిగి, తడి అద్దాన్ని నిలబెట్టి చూడండి, నీళ్లు ఒకే పొరగా జారుతుంటే శుభ్రంగా ఉన్నట్టు, ముత్యాల్లా విడివిడిగా నిలిస్తే ఇంకా జిడ్డుందని.

కాలువకి సరిగ్గా పైన వచ్చే చోట, అద్దం లోపలివైపు వేలెడు వెడల్పు అద్దం పట్టీ ఒకటి పొడవునా సిలికాన్‌తో అతికించండి. జారి వచ్చే నీళ్లు ఆ పట్టీ దగ్గర ఆగి కాలువలో పడతాయి. అది లేకపోతే చాలా నీళ్లు అద్దం అంచు దాకా పోయి సందుల్లోంచి బయటికి కారిపోతాయి, ఇంత కష్టపడి తీసిన నీళ్లు గోడ పాలు.

పెట్టె పనిచేస్తుందా లేదా అన్నది తేలేది అద్దం బిగింపు దగ్గర. కొందరు సిలికాన్‌తో అద్దాన్ని శాశ్వతంగా అతికించేస్తారు, తరవాత లోపల ఉప్పు గీకాలంటే బ్లేడుతో కోసుకోవాలి. ఇలా చేయండి. అక్వేరియం సిలికాన్ తీసుకుని, గోడల పై అంచున చుట్టూ చిటికెన వేలంత మందంతో తెగకుండా ఒకే గీతగా వేయండి, బాత్రూం సిలికాన్ వద్దు, బూజు పట్టకుండా అందులో మందు కలుపుతారు. ఆ తడి సిలికాన్ మీద పల్చటి పాలిథిన్ కాగితం ముడతలు లేకుండా పరచండి, దాని మీద అద్దం మెల్లగా దించి తన బరువుతోనే నొక్కుకోనివ్వండి. ఒక రోజు పూర్తిగా ఆరాక అద్దం ఎత్తి పాలిథిన్ లాగేస్తే, అద్దానికి అంటకుండా, గోడకి అతుక్కుని సరిగ్గా అద్దం అచ్చులో రబ్బరు అంచు తయారవుతుంది. ఇక అద్దం పెట్టి, పైన అల్యూమినియం ఎల్ యాంగిల్ బిగించి స్క్రూలు వేయండి. కావాలనుకున్నప్పుడు విప్పొచ్చు. యాంగిల్ బయటే ఉంటుంది కాబట్టి తాగే నీళ్లకి తగలదు.

మిద్దె మీద పెట్టడం

పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ట్యాంకు నీడ, పిట్టగోడ నీడ, కొబ్బరాకు నీడ ఏదీ పడని చోటు చూడండి. మిద్దెలకి వాన నీళ్లు పోవడానికి వాటం ఇస్తారు కదా, కాబట్టి కంటికి సమంగా కనపడినా నమ్మొద్దు, తాపీమేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకుని రెండు దిక్కులా పెట్టి, ఇటుకల కింద చెక్క ముక్కలు సర్ది బుడగ మధ్యకి వచ్చేదాకా చూడండి. తొట్టి ఒక వైపు వాలితే ఆ వైపు లోతెక్కువై, ఈ వైపు అడుగు ఎండిపోయి ఉప్పు పేరుకుంటుంది.

తీరం గాలికి పెట్టె కదలకుండా తాడుతో కట్టడం తప్పదు. తిరుపతిలో కొండకి దగ్గరున్న వీధుల వాళ్లకి ఇంకో ఇబ్బంది, కోతులు. అద్దం పగలగొట్టవు గానీ సిలికాన్ ట్యూబు మాత్రం పీకి పారేస్తాయి, దాన్ని ఏదైనా ఇనుప గొట్టంలోంచి తీసుకెళ్లండి. దాంతో ట్యూబుకి వెలుతురు తగలక పాచి కూడా పట్టదు.

నీళ్లు పట్టే పాత్ర గాజుదో స్టీలుదో, పెట్టె కన్నా కిందుగా, నీడలో. దాని మూత గాలి పోకుండా బిగించకండి, లోపల వేడెక్కిన గాలికి దారి కావాలి, లేకపోతే అది అద్దం అంచులో సందు వెతుక్కుంటుంది. మూతిని శుభ్రమైన తెల్లబట్టతో కట్టేస్తే చాలు, దోమ కూడా దూరదు.

మొదటి రోజు పెట్టె దగ్గర కాసేపు కూర్చోండి, ఎక్కడ బాగోలేదో అద్దమే చెప్తుంది. ఎండ పడిన కాసేపటికి లోపల పల్చటి పొగమంచు పడుతుంది, అది చిక్కబడి, సన్నటి బొట్లు ఒకదాన్నొకటి కలుపుకుంటూ గీతలుగా కిందికి జారడం మొదలవుతుంది. పదకొండు దాటినా ఒక మూల అద్దం పొడిగా, స్పష్టంగా కనిపిస్తోందంటే ఆ మూల గాలి లీకు ఉంది. కాలువ నిండా నీళ్లున్నా పాత్రలోకి రావట్లేదంటే ట్యూబులో గాలి బుడగ, వేళ్లతో నొక్కితే పోతుంది. మంచి ఎండలో తొట్టి నీళ్లు 60, 70 డిగ్రీల దాకా పోతాయి, అద్దం ఎత్తేటప్పుడు చేతులు జాగ్రత్త. పొద్దు గూకాక కూడా నీళ్లు వస్తూనే ఉంటాయి, అద్దం చల్లబడుతుంది, తొట్టి ఇంకా వేడిగా ఉంటుంది కదా, అందుకే రోజు లెక్క సాయంత్రం కాకుండా మర్నాడు పొద్దున చూసుకోండి.

రోజూ చేయాల్సిన పని

పొద్దున్నే ఎండ ఎక్కకముందు, నిన్న ఎన్ని నీళ్లు వచ్చాయో దానికి మూడింతలు సముద్రం నీళ్లు పోయండి. మూడు లీటర్లు వచ్చి ఉంటే తొమ్మిది లీటర్లు. మూడు తొట్టిలో నిలుస్తాయి, మిగతా ఆరు చిక్కబడిన ఉప్పుని కడుక్కుంటూ పొంగు గొట్టంలోంచి పోతాయి. వచ్చినంతే పోస్తే ఉప్పు రోజురోజుకీ చిక్కబడి, సున్నం, జిప్సం నల్ల అడుగు మీద తెల్లగా పొరకడతాయి. అడుగు తెల్లబడితే ఎండని పీల్చుకోదు, రెండు లీటర్లు కాస్తా ఒకటవుతుంది. నీళ్లు సరిగా రావట్లేదని చాలామంది మూలన పడేసిన పెట్టెల రోగం ఇదే. నెలకోసారి అడుగు వాల్వు తిప్పి అంతా వదిలేసి, మెత్తటి స్పాంజితో రుద్దండి. తెల్ల పొర మొండిగా ఉంటే నిమ్మ ఉప్పు నీళ్లు పోసి రాత్రంతా ఉంచండి, ఇనుప పీచు పెడితే ఫైబర్ గీసుకుపోతుంది. మధ్యాహ్నం ఎండలో చన్నీళ్లు పోయకండి, కాగిన తొట్టి చల్లారి ఆ పూట పని పోతుంది.

ఆ పొంగిన ఉప్పునీళ్లు చెట్ల పాదుల్లోకీ వీధి కాలవలోకీ వదలొద్దు. తీరం దగ్గరున్నవాళ్లు క్యాన్‌లో పట్టి మర్నాడు నీళ్లకి వెళ్లినప్పుడు సముద్రంలో పోసి రావొచ్చు. టౌనులో బోరు నీళ్లు వాడేవాళ్లకి ఆ బాధ లేదు, ఆ ఉప్పదనానికి బాత్రూం కడుక్కోవచ్చు.

సముద్రం నీళ్లు ఎక్కడ పట్టాలన్నది కూడా ముఖ్యమే. పడవలు ఆగే రేవులో నీళ్ల మీద డీజిల్ రంగులు తేలుతుంటాయి, అక్కడ వద్దు. ఉప్పు ఆవిరి కాదు గానీ డీజిల్, పెట్రోలు, కొన్ని మందులు నీటితోపాటే ఆవిరై అద్దానికి చేరతాయి, ఈ పెట్టె వాటిని ఆపలేదు. రొయ్యల గుంతల నీళ్లు వచ్చి కలిసే కాలవ దగ్గరా వద్దు. రేవుకి దూరంగా, మోకాలి లోతు దాటాక పట్టుకుని, క్యాన్‌ని ఒక రాత్రి కదపకుండా ఉంచితే ఇసుక కిందికి దిగుతుంది, పైన తేటని బట్టలో వడకట్టి పోయండి.

తాగే ముందు

టీడీఎస్ మీటరు ఒకటి కొనండి, పెద్ద ఖరీదేం కాదు. పెట్టె సరిగ్గా ఉంటే వచ్చే నీళ్లు 20 లోపే చూపిస్తాయి. వందలు చూపిస్తే ఉప్పునీళ్లు ఎక్కడో కాలువలోకి చిమ్ముతున్నాయి, తొట్టిలో మట్టం ఎక్కువైందో, నీళ్లు పోసేటప్పుడు దూకుడుగా పోశారో, కాలువ అతుకు ఊడిందో చూడండి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు మంచిది, 1.5 హద్దు. ఈ పెట్టె ఉప్పుతోపాటు ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ కూడా వెనకే వదిలేస్తుంది, సూక్ష్మజీవులూ ఆవిరితో పైకి రావు. అయితే శుభ్రం లేని పాత్రలో పడితే అక్కడ మళ్లీ చేరతాయి, మీటరు వాటిని చూపించదు. అందుకని వాడకం మొదలుపెట్టే ముందు ఒక సీసాడు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి, పాత్రని రోజు విడిచి రోజు మరిగే నీళ్లతో కడగండి.

రుచి చప్పగా ఉంటుంది, పెద్దవాళ్లు ఇవేం నీళ్లు అంటారు. అందులో ఖనిజాలేవీ ఉండవు కాబట్టి అలా ఉంటుంది, మామూలు భోజనం చేసేవాళ్లకి అవి తిండిలో దొరుకుతాయి. రుచి కావాలంటే కాచి చల్లార్చిన బోరు నీళ్లు ఒక వంతు, పెట్టె నీళ్లు అయిదు వంతులు కలపండి, బోరు టీడీఎస్ 1500 ఉన్నా కలిపాక 250 దగ్గరే ఉంటుంది. ఆ బోరులో ఫ్లోరైడ్ ఎక్కువుంటే మాత్రం కలపొద్దు, అలాగే తాగండి లేదా కుండలో పోసుకోండి, కుండ కొంచెం రుచి ఇస్తుంది.

వానాకాలం

మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలవి. ఆ రోజుల్లో పెట్టెకి ఎండ ఉండదు గానీ చదరపు మీటరు శుభ్రమైన అద్దం వాలుగా ఆకాశానికి పరిచి ఉంది కదా. అద్దం కింది అంచుకి బయటివైపు ఇంకో కాలువ తగిలించి ట్యాంకులోకి ట్యూబు పెట్టండి. ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు పది లీటర్లు వస్తాయి, పెట్టె మూడు నాలుగు ఎండ రోజుల్లో ఇచ్చేదానికి సమానం. మొదటి అయిదు నిమిషాల వాన అద్దం మీది దుమ్ము, కాకి రెట్టలు కడిగిపోవడానికి వదిలేసి తరవాత పట్టండి, కాచి తాగండి. లోపలి కాలువ ట్యూబు, బయటి కాలువ ట్యూబు వేరే వేరే పాత్రల్లోకి పోవాలి, కలిపితే ఏ నీళ్లు ఏవో తెలీదు. తుఫాను హెచ్చరిక వస్తే అద్దం విప్పి ఇంట్లోకి దించేయండి, అందుకే దాన్ని స్క్రూలతో బిగించమన్నాను, పొంగు గొట్టానికి బిరడా పెట్టి తొట్టిలో మాత్రం నిండా నీళ్లు వదిలేస్తే ఆ బరువుకి పెట్టె కదలదు.

రెండో పెట్టె కడదామనుకుంటే మొదటిది ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూశాక కట్టండి, కొలత పెంచకుండా ఇదే కొలతది ఇంకొకటి పక్కన పెట్టండి. ఆరడుగుల అద్దం ఇద్దరితో మిద్దె మెట్లు ఎక్కదు.